బిల్లులు పాసయ్యే గది

టెక్సస్ రాష్ట్రంలో కౌంటీ ఆస్తిపన్ను పెంచాలంటే ఆ మాట ఎలా చెప్పాలో కూడా చట్టమే రాసిపెట్టింది. ‘సవరిస్తున్నాం’, ‘సర్దుబాటు చేస్తున్నాం’ లాంటి మెత్తటి మాటలు అక్కడ చెల్లవు. పన్ను రేటు పెంచాలని ప్రతిపాదిస్తున్నాను, కొత్త రేటు ఇంత, పెరుగుదల ఇంత శాతం అని సభ్యుల్లో ఒకరు నోరు విప్పి చెప్పాలి. ఓటు ఆ తర్వాతే. ఇందులో ఇంకో మెలిక ఉంది. ఇళ్ళ ధరలు బాగా పెరిగిన ఏడాది రేటు అంకెను కాస్త తగ్గించి, వసూలు మాత్రం పెంచుకుని, ‘పన్ను తగ్గించాం’ అని చాటుకోవడం ఏ దేశంలో నాయకులకైనా సులువే. టెక్సస్ చట్టం ఆ సందు మూసేసింది. నిరుడు ఉన్న ఆస్తుల మీదే నిరుటికన్నా ఎక్కువ రాబడి తెచ్చే రేటు ఏదైనా, అంకె చిన్నదైనా సరే, దాన్ని పెంపు అనే పిలవాలి. ఇలాంటి చట్టం మన దగ్గరుంటే ఎన్ని ప్రెస్ మీట్లు మూగబోయేవో!

ఈ మాటలు పలికే చోటును అక్కడ కమిషనర్స్ కోర్టు అంటారు. పేరు కోర్టే గానీ ఆ సమావేశంలో కేసులు నడవవు. అధ్యక్షస్థానంలో కూర్చునే వ్యక్తిని కౌంటీ జడ్జి అంటారు గానీ ఆ వ్యక్తి లా చదివి ఉండాలన్న నియమం లేదు. 1876 నాటి రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం కౌంటీని నాలుగు భాగాలు చేసి ఒక్కో భాగం నుంచి ఒక కమిషనర్‌ను, కౌంటీ మొత్తం నుంచి జడ్జిని నాలుగేళ్ళకు ఎన్నుకుంటారు. ఆ అయిదుగురే కౌంటీ ప్రభుత్వం. అమెరికాలో కౌంటీ ప్రభుత్వాలు మూడు వేలకు పైగా ఉన్నాయి. ఒక్క టెక్సస్‌లోనే 254 కౌంటీలు. పేర్లు మాత్రం రాష్ట్రానికో తీరు. కాలిఫోర్నియాలో సూపర్‌వైజర్ల బోర్డు, జార్జియాలో, ఫ్లోరిడాలో కమిషనర్ల బోర్డు, కెంటకీలో ఫిస్కల్ కోర్టు. లూసియానాలో చాలాచోట్ల దీన్ని పోలీస్ జ్యూరీ అంటారు. అందులో పోలీసులూ ఉండరు, జ్యూరీ పనీ ఉండదు. పరిమాణంలోనూ పొంతన లేదు. లాస్ ఏంజెలస్ కౌంటీలో కోటి మందికి అయిదుగురు సూపర్‌వైజర్లు. టెక్సస్‌లోని లవింగ్ కౌంటీలో 2020 జనాభా లెక్కల ప్రకారం ఉన్నది 64 మంది. వాళ్ళకూ ఒక జడ్జి, నలుగురు కమిషనర్లు. జార్జియాలో కొన్ని చిన్న కౌంటీల్లో కమిషన్ అంటే ఒకే ఒక్క మనిషి. ఆ పద్ధతి అమెరికాలో ఇంకే రాష్ట్రంలోనూ లేదు.

అమెరికా ప్రజాస్వామ్యం అనగానే మనకు గుర్తొచ్చేవి శ్వేతసౌధం, కాంగ్రెసు, నాలుగేళ్ళకోసారి జరిగే ఎన్నికల కోలాహలం. మన పత్రికల్లో వచ్చేవీ అవే. ఆ దేశంలో స్థిరపడిన తెలుగు కుటుంబాన్ని రోజూ తాకే ప్రభుత్వం మాత్రం ఎక్కువగా ఈ కౌంటీదే. ఇంటి దస్తావేజు రిజిస్టరయ్యేది ఇక్కడే, పెళ్ళి లైసెన్సు ఇచ్చేది ఇక్కడే. నగరం హద్దులు దాటాక రోడ్డు గుంతలు పూడ్చాల్సింది కౌంటీయే, దేశంలోని పబ్లిక్ రోడ్లలో 40 శాతానికి పైగా కౌంటీల చేతిలోనే ఉన్నాయి. విచారణ కోసం ఎదురుచూసే నిందితుడు ఉండేది కౌంటీ జైల్లోనే. దేశాధ్యక్షుడి ఎన్నికైనా సరే, పోలింగ్ కేంద్రాలు పెట్టి ఓట్లు లెక్కించేది చాలా రాష్ట్రాల్లో కౌంటీ యంత్రాంగమే. 2000 అధ్యక్ష ఎన్నికల్లో ఫ్లోరిడా ఫలితాన్ని 537 ఓట్లు తేల్చాయి. ఆ గొడవలో దేశమంతా తిట్టుకున్న, ఓటర్లను తికమకపెట్టిన సీతాకోకచిలుక బ్యాలెట్‌ను తయారుచేసింది వాషింగ్టన్ కాదు, పామ్ బీచ్ కౌంటీ ఎన్నికల అధికారి. అక్కడ ఓట్ల లెక్కను పరిశీలించే ముగ్గురు సభ్యుల బోర్డులో కౌంటీ కమిషన్ అధ్యక్షస్థానానికి ఒక కుర్చీ ఉంటుంది. అప్పటిదాకా రోడ్ల మరమ్మతు బిల్లులు చూసుకుంటున్న మనుషుల ముందు ఒక్కసారిగా ప్రపంచంలోని కెమెరాలన్నీ వాలాయి.

ఇంత పెద్ద పనులు చేసే సంస్థ సమావేశం చూస్తే మాత్రం ఆవలింత వస్తుంది. నమూనాగా టెక్సస్ కౌంటీ ఎజెండా ఒకటి తీసుకోండి. మొదట ప్రార్థన, జెండా వందనం. పదవీ విరమణ చేసిన ఉద్యోగికో, గెలిచిన స్కూలు జట్టుకో అభినందన తీర్మానం, ఫొటో. తర్వాత గత సమావేశం మినిట్స్ ఆమోదం, చెల్లించాల్సిన బిల్లుల జాబితా, ఒక పద్దులో మిగిలిన డబ్బును ఇంకో పద్దుకు మార్చే బడ్జెట్ సవరణలు. జైల్లో భోజనం కాంట్రాక్టు పొడిగింపు, రోడ్డు గ్రేడర్‌కు టైర్లు, పాత పోలీసు కార్ల వేలం, ఒక కొత్త కాలనీ లేఅవుట్‌కు అనుమతి, ఒక ఊరి రోడ్డు మీద వేగ పరిమితి, అయినవాళ్ళెవరూ లేక చనిపోయిన పేదవాడి అంత్యక్రియల ఖర్చు. వానలు లేక గడ్డి ఎండిపోయిన కాలంలో అయితే ఆరుబయట చెత్త తగలబెట్టకూడదని నిషేధం. చట్టం ప్రకారం ఒక ఉత్తర్వు 90 రోజులకు మించి నిలవదు, కరవు తగ్గకపోతే మళ్ళీ ఎజెండాలోకి రావాల్సిందే. వీటిలో ఎక్కువ భాగాన్ని ‘కన్సెంట్ ఎజెండా’ అని ఒక కట్టగా కట్టి ఒకే ఓటుతో పాస్ చేస్తారు. ఇరవై ముప్ఫై అంశాలు, ఒక ప్రతిపాదన, ఒక సమర్థన, ‘సరే’ అన్న గొంతులు, నిమిషంలో పని అయిపోతుంది.

కౌంటీ అసలు అధికారం ఆ ఒక్క నిమిషంలో ఉందని, దాని అసలు ప్రమాదమూ అక్కడే ఉందని నా వాదన. ఎందుకో చెప్పాలంటే కౌంటీ చట్టబద్ధంగా ఎంత చిన్న ప్రాణో ముందు చెప్పాలి. అయోవా రాష్ట్ర న్యాయమూర్తి జాన్ డిల్లన్ 1868లో చెప్పిన సూత్రం ఒకటి ఇప్పటికీ చాలా రాష్ట్రాల్లో నడుస్తోంది: రాష్ట్రం ఇచ్చిన అధికారమే తప్ప స్థానిక సంస్థకు తనదంటూ వేరే అధికారం లేదు. కౌంటీ సొంతంగా కొత్త చట్టాలు చేసి జనం జీవితాలు మార్చలేదు. టెక్సస్‌లోనైతే నగరాల బయటి భూమిలో ఎక్కడ ఇళ్ళు, ఎక్కడ ఫ్యాక్టరీలు అని జోనింగ్ నిర్ణయించే అధికారం కూడా కౌంటీలకు సాధారణంగా లేదు. జార్జియా కౌంటీలకు ఉంది, అందుకే అక్కడ గుడి కట్టాలన్నా, అపార్టుమెంట్లు కట్టాలన్నా జనం కమిషన్ ముందు బారులు తీరతారు. పైగా కమిషన్ తన సొంత ఇంట్లోనే యజమాని కాదు. షెరీఫ్, కౌంటీ క్లర్క్, పన్ను వసూలు అధికారి, ట్రెజరర్ అందరూ జనం ఓట్లతో విడివిడిగా గెలిచినవాళ్ళు. షెరీఫ్‌ను కమిషన్ తీసేయలేదు, బదిలీ చేయలేదు. ఎన్ని జీతాలకు డబ్బు ఇవ్వాలో, ఎన్ని కార్లు కొనాలో మాత్రం చెప్పగలదు. చట్టాలు చేసే అధికారం పైవాళ్ళది, మనుషుల మీద అజమాయిషీ పక్కవాళ్ళది. కమిషన్‌కు మిగిలింది డబ్బు సంచి మూతి. అంటే కౌంటీ విధానం ఏమిటో తెలుసుకోవాలంటే ఉపన్యాసాలు వింటే చాలదు, బిల్లులు చదవాలి.

చదవకపోతే ఏమవుతుందో ఓక్లహోమా చూపించింది. ఆ రాష్ట్రంలో 77 కౌంటీలు, ఒక్కో కౌంటీకి ముగ్గురు కమిషనర్లు, ఒక్కొక్కరికి సొంత రోడ్ల డిస్ట్రిక్టు. వంతెనలకు కలప, కంకర, యంత్రాల విడిభాగాలు ఎవరి దగ్గర కొనాలో ఎవరి డిస్ట్రిక్టులో వాళ్ళే తేల్చుకునేవారు. సరుకు అమ్మే వ్యాపారి ప్రతి బిల్లు మీద పది శాతం కమిషనర్ జేబులో పెట్టడం దశాబ్దాలుగా మామూలైపోయింది. మామూలు అన్న మాటకు మన భాషలో ఉన్న రెండో అర్థం ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. అంతకన్నా ఘనమైన ఏర్పాటు ఇంకోటి ఉండేది, దానికి వాళ్ళు ‘బ్లూ స్కై’ అని పేరు పెట్టుకున్నారు. కలప దిగదు, లారీ రాదు, బిల్లు మాత్రం వస్తుంది. సరుకు అందిందని కమిషనర్ సంతకం పెడతాడు, కౌంటీ చెక్కు వెళుతుంది, వ్యాపారి, కమిషనర్ సగం సగం పంచుకుంటారు. ఆకాశాన్ని కొని ఆకాశానికే డబ్బు కట్టడమన్నమాట. 1980ల మొదట్లో ఒక కలప వ్యాపారి సాయంతో ఎఫ్‌బీఐ ఈ గుట్టు లాగింది. 200 మందికి పైగా నేరస్తులుగా తేలారు, పదవిలో ఉన్న కమిషనర్లే అందులో వందకు పైబడి ఉన్నారు. గమనించాల్సిందేమిటంటే ఆ బిల్లుల్లో ఏదీ చీకట్లో పాసవలేదు. అన్నీ బోర్డు ముందుకొచ్చినవే, తలుపులు తెరిచి ఉన్న గదిలో ముగ్గురూ సరేనన్నవే. నా డిస్ట్రిక్టు బిల్లు నువ్వు అడగకు, నీది నేనడగను. ఆ మొహమాటమే దొంగతనానికి తాళం చెవి అయింది.

ఓక్లహోమా వాళ్ళది చిల్లర దొంగతనం అనుకుంటే అలబామాలోని జెఫర్సన్ కౌంటీది పెద్ద లెక్క. బర్మింగ్‌హామ్ నగరం ఉన్న ఈ కౌంటీ మురుగునీరు నదుల్లో కలుస్తోందని కేసు పడింది, 1996లో మురుగు కాలువలన్నీ బాగుచేస్తామని కౌంటీ ఒప్పుకుంది. అందుకు బాండ్లు అమ్మి అప్పు చేశారు. 2002, 2003లలో ఆ అప్పును స్థిరమైన వడ్డీ నుంచి మారే వడ్డీకి తిప్పారు, దాని మీద స్వాప్ అనే చిక్కుముడి ఒప్పందాలు పెట్టుకున్నారు. కమిషనర్ల దగ్గరి స్నేహితులకు జేపీ మోర్గాన్ బ్యాంకు నుంచి 80 లక్షల డాలర్లకు పైగా ముట్టాయని తర్వాత సెక్యూరిటీస్ నియంత్రణ సంస్థ తేల్చింది. 2009లో ఆ బ్యాంకు 72.2 కోట్ల డాలర్ల విలువైన రాజీకి వచ్చింది, అందులో ఎక్కువ భాగం కౌంటీ నుంచి రావాల్సిన ఫీజులను వదులుకోవడమే. కమిషన్ అధ్యక్షుడిగా పనిచేసిన ల్యారీ లాంగ్‌ఫర్డ్‌కు ఖరీదైన సూట్లు, వాచీలు లంచంగా పుచ్చుకున్నందుకు 15 ఏళ్ళ జైలు శిక్ష పడింది. 2008 ఆర్థిక సంక్షోభంలో ఆ మారే వడ్డీ ఎగబాకింది. 2011 నవంబరు 9న కౌంటీ 400 కోట్ల డాలర్లకు పైగా అప్పుతో దివాలా పిటిషన్ వేసింది. డెట్రాయిట్ 2013లో మునిగేదాకా అమెరికా స్థానిక సంస్థల్లో అంత పెద్ద దివాలా లేదు. మురుగు చార్జీలు కొన్ని రెట్లు పెరిగాయి, ఉద్యోగులను తీసేశారు, పేదలకు వైద్యం చేసే కౌంటీ ఆసుపత్రిలో 2012 చివర ఇన్‌పేషెంట్ సేవలు ఆగిపోయాయి. ఆ స్వాప్ ఒప్పందాలు కూడా కమిషన్ ఓటుతోనే నడిచాయి. తెలిసి పెట్టిన సంతకాలు కొన్ని, అర్థం కాక పెట్టినవి కొన్ని కావచ్చు. పన్ను కట్టినవాడికి రెండింటి ఫలితం ఒకటే.

ఇక్కడ ఎవరైనా నిలదీయవచ్చు: తెరిచిన తలుపులు, ముందుగా ప్రకటించిన ఎజెండా, బహిరంగ ఓటు ఇవన్నీ ఉండి కూడా ఇంత జరిగితే ఈ తంతు దేనికి? చదువుకున్న మేనేజరును జీతమిచ్చి పెట్టుకుని, రోడ్లూ అప్పులూ ఆయనకు అప్పగిస్తే పోదా? ఈ మాటలో పస ఉంది, అందుకే చాలా కౌంటీలు ఆ దారే పట్టాయి. కమిషనర్లు విధానం చెబుతారు, వాళ్ళు నియమించిన మేనేజరు పనులు నడుపుతాడు. ఓక్లహోమా కూడా కుంభకోణం తర్వాత కొనేవాళ్ళు, సరుకు దింపుకునేవాళ్ళు వేర్వేరుగా ఉండాలని చట్టం మార్చింది. టెక్సస్‌లో ఇంకా తెలివైన ఏర్పాటుంది: కౌంటీ ఆడిటర్‌ను నియమించేది కమిషన్ కాదు, జిల్లా కోర్టుల జడ్జీలు. ఖర్చు పెట్టేవాడు తన లెక్కలు చూసేవాణ్ణి తనే ఎంచుకోకూడదన్న పాత ఇంగితం అది. కానీ మేనేజరు వచ్చినంత మాత్రాన ఓటు అవసరం పోదు. జైల్లో పడకలు పెంచాలా, ఆసుపత్రిలో వార్డు తెరవాలా అన్న ప్రశ్నకు ఎకౌంటెన్సీలో జవాబు లేదు. అది ఎవరి అవసరం ముందు అన్న ప్రశ్న. దాన్ని నిపుణుడికి వదిలేస్తే అతను జవాబు చెప్పకుండా ఉండడు. ఎవరికీ వినపడకుండా చెబుతాడు. జెఫర్సన్ కౌంటీలో నిపుణుల కొరత ఏమీ లేదు, ఆ స్వాప్‌లను అల్లినవాళ్ళంతా నిపుణులే. అక్కడ లోపించింది ‘వడ్డీ పెరిగితే నెలకు ఎంత కట్టాలి?’ అని మైకులో అడిగే మొండి మనిషి.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. ముగ్గురో అయిదుగురో ఉన్న గదికి ఇంత అధికారం ఇస్తే, వాళ్ళు మొండికేసినప్పుడు మొత్తం బండి ఆగిపోదా? ఆగింది కూడా. 2022 జూన్‌లో న్యూ మెక్సికోలోని ఓటెరో కౌంటీ ముగ్గురు కమిషనర్లు ప్రైమరీ ఎన్నికల ఫలితాలను ధ్రువీకరించబోమన్నారు. ఓట్ల యంత్రాల మీద అనుమానం అన్నారు, ఫలానా చోట లెక్క తప్పిందని మాత్రం చూపలేకపోయారు. రాష్ట్ర సుప్రీంకోర్టు ఆదేశించాక 2–1 ఓటుతో ధ్రువీకరించారు. టెక్సస్‌లో హ్యూస్టన్ నగరం ఉన్న హారిస్ కౌంటీది ఇంకో కథ. మామూలు పనులకు అక్కడ ముగ్గురు హాజరైతే చాలు, పన్ను విధించడానికి మాత్రం అయిదుగురిలో కనీసం నలుగురు గదిలో ఉండాలి. 2019లో, మళ్ళీ 2022లో మైనారిటీలో ఉన్న ఇద్దరు రిపబ్లికన్ కమిషనర్లు పన్ను ఓటు రోజు సమావేశానికి రాలేదు. కోరం లేదు, పెంపు లేదు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం పొరపాటని నేననుకుంటాను. ఫలితాల ధ్రువీకరణలో కమిషనర్‌కు విచక్షణ లేదు, కూడిక సరిచూసి సంతకం పెట్టడమే అతని పని. దాన్ని వీటోగా వాడుకోవడం అధికారం దాటడమే, కోర్టు అదే చెప్పింది. హారిస్ ఇద్దరి తీరు నచ్చినా నచ్చకపోయినా చట్టం ఇచ్చిన వెసులుబాటునే వాళ్ళు వాడారు. పన్ను వేసేటప్పుడు మామూలుకన్నా ఎక్కువమంది ఎదురుగా కూర్చోవాలన్నది ఆ రాష్ట్రం కావాలని పెట్టుకున్న అడ్డంకి. 2020 లెక్కల్లో 47 లక్షల జనాభా ఉన్న కౌంటీకి అది అసౌకర్యమే. దాన్ని మార్చాల్సింది శాసనసభ, ఖాళీ కుర్చీలను తిట్టి లాభం లేదు.

అదే హారిస్ కౌంటీ ఈ గది మంచికి ఎలా పనికొస్తుందో కూడా చూపించింది. 2017 ఆగస్టులో హార్వీ తుపాను ముంచెత్తింది. ఏడాది తిరిగేసరికి, 2018 ఆగస్టు 25న, వరద కాలువలకు 250 కోట్ల డాలర్ల బాండ్లు జారీ చేయవచ్చా అని కమిషనర్స్ కోర్టు జనాన్నే అడిగింది. 85 శాతానికి పైగా ఓట్లు ‘చేయవచ్చు’ అన్నాయి. తమ పన్ను పెరుగుతుందని తెలిసి కూడా జనం ఒప్పుకున్నారు, ఎందుకంటే ఏ వాగుకు ఏ పని అన్న జాబితా వాళ్ళ ముందు పెట్టారు. జెఫర్సన్ కౌంటీ చేసిందీ నీటి కాలువల అప్పే. తేడా అప్పులో లేదు, జనం ముందు పెట్టిన కాగితంలో ఉంది.

మరి వినేదెవరు? మూడో అభ్యంతరం ఇది, నిజాయితీగా జవాబు చెప్పడానికి కష్టమైనదీ ఇదే. సమావేశాలు ఎక్కువగా పనిదినాల్లో, ఆఫీసు వేళల్లో జరుగుతాయి. కుర్చీలు ఖాళీగా ఉంటాయి. డాలస్ పక్కనున్న కాలిన్, డెంటన్ కౌంటీల్లోని తెలుగు కుటుంబాల సంగతే చూడండి. ఏటా వసంతంలో ఇంటి విలువ కట్టిన నోటీసు వస్తుంది, వాట్సాప్ గ్రూపులన్నీ వేడెక్కుతాయి, మే నెలలోగా ‘ప్రొటెస్ట్’ వేసి విలువ తగ్గించుకోవడానికి నానా తంటాలు పడతారు. ఆ విలువ కట్టేది అప్రైజల్ డిస్ట్రిక్ట్ అనే వేరే సంస్థ. బిల్లులో సింహభాగం స్కూళ్ళది, దాని రేటు స్కూలు బోర్డు పెడుతుంది. కౌంటీ వాటా రేటు ఖాయమయ్యేది ఆగస్టు, సెప్టెంబరుల్లో, కమిషనర్స్ కోర్టు ఓటుతో. 2019లో వచ్చిన చట్టం ప్రకారం పాత ఆస్తుల మీద నిర్వహణ రాబడి మూడున్నర శాతం మించి పెరిగేలా రేటు పెడితే జనం ఓటుకు వెళ్ళాలి. ఆ గీత లోపల ఎంతైనా అయిదుగురి చేతుల్లోనే ఉంటుంది. వసంతంలో ఒక కిటికీ దగ్గర గొంతు చించుకున్నవాళ్ళు వేసవి చివర అసలు కిటికీ తెరిచినప్పుడు కనపడరు. తప్పు వాళ్ళది కూడా కాదు. బిల్లు ఒకటే వచ్చినా దాని వెనక ఇన్ని సంస్థలున్నాయని ఎవరూ విడమరిచి చెప్పరు.

‘మాకు ఓటే లేదు, మా మాట ఎవరు వింటారు’ అనేవాళ్ళూ ఉన్నారు. గ్రీన్ కార్డు క్యూలో ఏళ్ళ తరబడి నిలబడ్డవారి బాధ అది. పన్ను కడతారు, ఓటెయ్యలేరు. కానీ టెక్సస్‌లో 2019 నుంచి ఒక నియమం ఉంది. ఎజెండాలో ఉన్న ఏ అంశం మీదైనా, ఓటు పడేలోపే, మాట్లాడతామని వచ్చిన ప్రజలకు మైకు ఇవ్వాలి. సమయం సాధారణంగా మూడు నిమిషాలు. పౌరసత్వం చూపమని ఆ నియమం అడగదు. అదే చట్టంలో ఇంకో వాక్యం ఉంది: అనువాదకుడి ద్వారా మాట్లాడేవారికి కనీసం రెట్టింపు సమయం ఇవ్వాలి. అంటే ఇంగ్లిషు రాని తెలుగు పెద్దాయన తన వీధి వరద కాలువ గురించి తెలుగులో మాట్లాడి, పక్కన మనవరాలు అనువదిస్తే, ఆయనకు ఆరు నిమిషాలు. మాట్లాడితే పనవుతుందని హామీ లేదు. చాలాసార్లు కాదు కూడా. కానీ కట్టగా కట్టిన ముప్ఫై అంశాల్లోంచి ఒకదాన్ని విడిగా తీసి చర్చించడానికి ఒక్క కమిషనర్ కోరితే సాధారణంగా చాలు. ఆ కోరికకు కారణం ఎదురుగా మైకు ముందు నిలబడిన మనిషి కావచ్చు. ఓక్లహోమాలో ఆ ముగ్గురి ఎదుట ‘ఈ కలప ఏ వంతెనకు వేశారు?’ అని అడిగినవాళ్ళు తగినంత మంది లేరు. గది నిండనక్కర్లేదు. అడిగేవాళ్ళు ఒకరిద్దరైనా రావచ్చన్న భయం బిల్లు పెట్టేవాడికి ఉంటే చాలు.

మన జిల్లా పరిషత్తుతో దీన్ని పోల్చాలని ఎవరికైనా అనిపిస్తుంది, పోలిక కొంతదూరమే నడుస్తుంది. జడ్పీకి ఎన్నికైన సభ్యులున్నారు, సర్వసభ్య సమావేశం ఉంది, ఏడు స్థాయీ సంఘాలున్నాయి. లేనిది సంచి. ఇంటిపన్ను వేసే హక్కు గ్రామ పంచాయతీది, జడ్పీ డబ్బు ఎక్కువగా పైనుంచి వచ్చే గ్రాంటే. జిల్లాలో బరువంతా కలెక్టరు వైపు ఉంటుంది. కాబట్టి మన సమావేశాల్లో సభ్యులు అధికారులను నిలదీయడమే ఎక్కువ, తమ ఓటుతో పన్ను వేసి జనానికి సంజాయిషీ చెప్పుకోవాల్సిన అవసరం తక్కువ. అలాగని బిల్లులు పైకి చదివే సంప్రదాయం మనకు కొత్త కాదు. ఉపాధి హామీ పనుల్లో 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సామాజిక తనిఖీ మొదలుపెట్టింది. ఊళ్ళోనే జనం ముందు మస్టరు రోల్ చదువుతారు, ‘ఈ పేరు మనిషి చనిపోయి రెండేళ్ళయింది, కూలి ఎవరు తీసుకున్నారు?’ లాంటి ప్రశ్నలు అక్కడికక్కడే లేస్తాయి. ఓక్లహోమా కలపకు, ఊళ్ళో మస్టరులో లేచొచ్చిన పేరుకు పెద్ద తేడా లేదు. రెండూ కాగితం మీద సరిగ్గానే ఉంటాయి, పైకి చదివినప్పుడే బయటపడతాయి.

మీ పిల్లలో, తమ్ముళ్ళో, చెల్లెళ్ళో టెక్సస్‌లో ఇల్లు కొనుక్కుని ఉంటే ఈసారి ఫోన్లో వాతావరణం తర్వాత ఇంకో మాట అడగండి: మీ కౌంటీ ఎజెండా చూశారా? సమావేశానికి కనీసం మూడు పనిదినాల ముందు దాన్ని బయట పెట్టాలని చట్టం. ఎక్కువ కౌంటీలు వెబ్‌సైటులో పెడతాయి, బిల్లుల జాబితా చాలాచోట్ల దానికి జతగానే ఉంటుంది. వాళ్ళ పన్ను రేటు మీద ఓటు ఆగస్టు, సెప్టెంబరు నెలల్లోనే.